సెక్షన్ అడిగే చోట ప్రోగ్రామ్ ఎందుకు ఆగడం లేదు: సి లాంగ్వేజ్‌లో అక్షరాల లెక్క

మీ ప్రోగ్రామ్ ఇదీ: విద్యార్థి వివరాలకు ఒక స్ట్రక్చర్ పెట్టారు. అందులో హాల్ టికెట్ నంబర్‌కు 10 చార్‌ల అరే, దాని వెంటనే సెక్షన్‌కు ఒక చార్, తర్వాత పేరుకు 20 చార్‌ల అరే, చివర మార్కులకు ఒక ఇంట్. నంబర్‌ను స్కాన్‌ఎఫ్‌లో %ఎస్‌తో, సెక్షన్‌ను %సి తో, పేరును గెట్స్‌తో తీసుకుంటున్నారు. సెక్షన్ అడిగే చోట ఆగకుండా నేరుగా పేరు దగ్గరికి పోతోంది. హాల్ టికెట్ నంబర్ ప్రింట్ చేస్తే దాని కింది లైన్లో పేరు కూడా పడుతోంది. పేరుతో వెతికితే, ఉన్న పేరే అయినా దొరకడం లేదు. కంపైలర్ పాడైందేమో, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా అని అడిగారు.

అక్కర్లేదు. కంపైలర్ బాగానే ఉంది. మీరు చెప్పిన మూడు లక్షణాల్లో మొదటి రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఏ బైటు ఎక్కడ పడిందో లెక్క వేస్తే రెండూ ఒకేసారి విడిపోతాయి.

ఒక్క మాట ముందే చెబుతాను. ఫంక్షన్ల పేర్లను, ఫార్మాట్ గుర్తులను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. %సి అంటే పర్సెంట్ గుర్తు పక్కన చిన్న సీ, \ఎన్ అంటే బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న ఎన్. ఎడిటర్‌లో మామూలుగా ఇంగ్లీషులోనే టైప్ చేసుకోండి.

చార్ అనేది అక్షరాల పెట్టె అనుకోకండి, అది ఒక బైటు పట్టే చిన్న పూర్ణాంకం. 'క్యాపిటల్ ఏ' అని సింగిల్ కోట్స్‌లో రాస్తే కంపైలర్‌కు కనబడేది 65. స్మాల్ ఏ అయితే 97. రెండింటి మధ్య తేడా 32, మిగతా అన్ని అక్షరాలకూ అంతే. సున్నా అనే అక్షరం '0' విలువ 48, తొమ్మిది అనే అక్షరం '9' విలువ 57. స్పేస్ 32. ఎంటర్ కొడితే వచ్చే \ఎన్ విలువ 10. ఇవి 1963లో మొదట వెలువడిన ఆస్కీ పట్టికకు చెందిన అంకెలు, నేటి పీసీలన్నింటిలోనూ ఇవే. ఈ ఏడెనిమిది అంకెలు నోటికి వస్తే చాలు, పట్టికంతా బట్టీ పట్టనక్కర్లేదు. %సి తో ప్రింట్ చేస్తే అక్షరం, అదే చార్‌ను %డి తో ప్రింట్ చేస్తే అంకె కనబడతాయి. ఇన్‌పుట్ ఏదైనా తేడాగా ఉందనిపిస్తే ముందు దాన్ని %డి తో ప్రింట్ చేసి చూడండి. మీ సెక్షన్‌ను అలా ప్రింట్ చేస్తే 10 వస్తుంది. జబ్బు ఏమిటో ఆ అంకే చెబుతోంది.

కీబోర్డు మీద కొట్టినది నేరుగా వేరియబుల్‌లోకి పోదు. మీరు ఎంటర్ కొట్టేదాకా ఆ లైన్ బఫర్‌లో, అంటే మెమరీలోని తాత్కాలిక నిల్వలో, ఆగి ఉంటుంది. హాల్ టికెట్ నంబర్ పది అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కారు, కాబట్టి బఫర్‌లో పదకొండు బైట్లున్నాయి. %ఎస్ పది బైట్లను తీసుకుంది, పదకొండోది 10 అనే ఎంటర్ అని చూసి, దాన్ని ముట్టుకోకుండా అక్కడే వదిలేసింది. తర్వాత %సి వచ్చింది. దాని పని ఒక్క బైటు తీసుకోవడం, అది స్పేసా ఎంటరా అని చూడదు. బఫర్‌లో ఎదురుగా ఎంటర్ ఉంది, తీసుకుంది. మీ కోసం ఆగాల్సిన అవసరమే దానికి రాలేదు. సెక్షన్ దాటిపోలేదు, సెక్షన్‌లోకి ఎంటర్ వెళ్లింది.

%డి, %ఎఫ్, %ఎస్ మూడూ ముందున్న స్పేసులను, ఎంటర్లను వాటంతటవే దాటేస్తాయి. అందుకే అంకెలతో రాసిన ప్రోగ్రాముల్లో ఈ సమస్య ఎన్నడూ బయటపడదు, %సి వాడిన మొదటి రోజే బయటపడుతుంది. చదరపు బ్రాకెట్‌తో మొదలయ్యే ఫార్మాట్ కూడా %సి లాగే దేన్నీ దాటదు.

దీనికి అందరూ చెప్పే విరుగుడు: కోట్ తెరిచి, ముందు ఒక స్పేస్ వదిలి, తర్వాత %సి రాయడం. ఆ స్పేస్ అంటే "ముందున్న ఖాళీలన్నీ దాటు" అని అర్థం. ఇది సరైనదే. కానీ స్పేస్‌ను %సి తర్వాత పెట్టకండి, %డి తర్వాత \ఎన్ కూడా పెట్టకండి. అలా పెడితే తర్వాత ఏదో ఒక అక్షరం కొట్టేదాకా ప్రోగ్రామ్ కదలదు, ఎన్ని ఎంటర్లు కొట్టినా అంతే.

బఫర్ ఖాళీ చేయడానికి ఎఫ్‌ఫ్లష్, బ్రాకెట్లలో ఎస్‌టీడీఇన్ (అంటే కీబోర్డు ఇన్‌పుట్) రాయమని ల్యాబుల్లో చెప్పడం ఇప్పటికీ ఉంది. ఎఫ్‌ఫ్లష్ అవుట్‌పుట్ కోసం ఉన్నది. ఇన్‌పుట్ మీద వాడితే ఏం జరగాలో సి స్టాండర్డ్ చెప్పలేదు. ఒక కంపైలర్‌లో బఫర్ ఖాళీ అయినట్టు కనబడవచ్చు, మరో చోట ఏమీ జరగకపోవచ్చు. దాని మీద ఆధారపడకండి.

ఇప్పుడు రెండో లక్షణం. సి లో స్ట్రింగ్ అంటే వరుసగా ఉన్న చార్‌లు, చివర \0 అనే బైటు. దాని విలువ నిజంగానే సున్నా. '0' అనే అక్షరం వేరు, దాని విలువ 48. ప్రింట్‌ఎఫ్‌లో %ఎస్ అరే ఎంత పెద్దదో చూడదు, దానికి తెలియను కూడా తెలియదు. మొదటి బైటు నుంచి మొదలుపెట్టి \0 కనబడేదాకా ప్రింట్ చేస్తూ పోతుంది.

హాల్ టికెట్ నంబర్ పది అక్షరాలు. అరే కూడా పది. మరి \0 ఎక్కడ కూర్చోవాలి? స్కాన్‌ఎఫ్ దాన్ని పదకొండో బైటులో పెట్టింది. స్ట్రక్చర్‌లో పది బైట్ల అరే వెంటనే ఉన్నది మీ సెక్షన్. అంటే \0 సెక్షన్‌లో పడింది. ఆ తర్వాత %సి వచ్చి అదే చోట 10 రాసింది. నంబర్‌కు చివర ఉన్న ఒక్క హద్దురాయి పోయింది. ఇక ప్రింట్ చేసేటప్పుడు పది అక్షరాలు, తర్వాత 10 కాబట్టి కొత్త లైను, దాని వెంటనే మొదలయ్యే పేరు, పేరు చివర \0 కనబడ్డాక ఆగడం. మీరు చూసిన అవుట్‌పుట్ అక్షరాలా ఇదే.

మొదటి తప్పు మాత్రమే సరిదిద్ది %సి ముందు స్పేస్ పెట్టారనుకోండి, అప్పుడు బి సెక్షన్ విద్యార్థి నంబర్ చివర బి అతుక్కుని వస్తుంది. అంతేకాదు, బి కొట్టాక మిగిలిన ఎంటర్‌ను ఈసారి గెట్స్ మింగేసి పేరును ఖాళీగా వదులుతుంది. "ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడింది" అని చాలామంది ఇక్కడే విసిగిపోతారు. చెడింది ఏమీ లేదు, ఇంతకాలం మొదటి తప్పు మరో తప్పును కప్పి ఉంచింది.

పది అక్షరాలకు పదకొండు బైట్లు కావాలి. అరేను 11 చేయండి. స్కాన్‌ఎఫ్‌తోనే ఉండాలనుకుంటే %10ఎస్ అని రాయండి. ఆ 10లో \0 లెక్కకు రాదు, కాబట్టి అరే సైజు కంటే ఒకటి తక్కువ రాయాలి. అంకె లేకుండా ఉత్త %ఎస్ రాయడం, గెట్స్ వాడడం రెండూ ఒకే రకం ప్రమాదం: అవతలి మనిషి ఎంత కొడితే అంతా లోపలికి వస్తుంది. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను కుదిపేసిన మోరిస్ వార్మ్ (తనంతట తానే వ్యాపించే ప్రోగ్రామ్) వాడుకున్న దారుల్లో ఒకటి, 512 బైట్ల అరేలోకి గెట్స్‌తో చదివే ఒక సర్వర్ ప్రోగ్రామ్. 2011 నాటి సి స్టాండర్డ్ గెట్స్‌ను పూర్తిగా తీసేసింది. పాత డాస్ కంపైలర్ టర్బో సి లో అది మాట్లాడకుండా పనిచేస్తుంది, లినక్స్‌లో వాడే జీసీసీ కంపైలర్ పాత వెర్షన్లతో కడితే ఇది ప్రమాదకరం అని లింకర్ (ప్రోగ్రామ్ భాగాలను కలిపేది) హెచ్చరిస్తుంది, కొత్త వెర్షన్లలో మామూలుగా కంపైలే కాదు. మీ సిలబస్‌లో గెట్స్ ఉంటే పరీక్షలో రాయండి, ప్రోగ్రామ్‌లో మాత్రం వద్దు.

నేను సూచించేది ఇంకొంచెం గట్టి పద్ధతి. ఒకే ప్రోగ్రామ్‌లో స్కాన్‌ఎఫ్‌ను, లైన్ చదివే ఫంక్షన్లను కలపకండి. ప్రతి ఇన్‌పుట్‌నూ, అంకె అయినా అక్షరం అయినా, ముందు ఒక పూర్తి లైన్‌గా చదవండి, ఆపైన అందులోంచి కావలసింది తీసుకోండి. చార్ లైన్[100]; అని పెద్ద అరే పెట్టుకుని, ఎఫ్‌గెట్స్(లైన్, సైజాఫ్ లైన్, ఎస్‌టీడీఇన్) అని పిలవండి. అది నల్ ఇస్తే ఇన్‌పుట్ అయిపోయినట్టు, లూప్ నుంచి బయటికి రండి. ఎఫ్‌గెట్స్ చివరి ఎంటర్‌ను కూడా అరేలో ఉంచుతుంది, దాన్ని తీసేయాలి. ఇందుకు చక్కని దారి ఉంది: ఎస్-టి-ఆర్-సి-ఎస్-పి-ఎన్ అనే ఫంక్షన్‌కు లైన్‌ను, డబుల్ కోట్స్‌లో \ఎన్‌ను ఇస్తే మొదటి \ఎన్ ఎన్నో స్థానంలో ఉందో చెబుతుంది. లైన్‌లో ఆ స్థానంలో \0 పెట్టండి. \ఎన్ లేకపోతే అది స్ట్రింగ్ పొడవునే ఇస్తుంది కాబట్టి, ఉన్న \0 మీదే \0 పడుతుంది, నష్టం లేదు. పొడవులోంచి ఒకటి తీసేసి అక్కడ \0 పెట్టే పాత పద్ధతి, పొడవు సున్నా అయినప్పుడు మైనస్ ఒకటో స్థానంలో రాస్తుంది.

హాల్ టికెట్ నంబర్‌ను నేరుగా 11 బైట్ల అరేలోకి ఎఫ్‌గెట్స్‌తో చదవకండి. 11 అని చెబితే ఎఫ్‌గెట్స్ పది అక్షరాలు, \0 తీసుకుని ఆగుతుంది. ఎంటర్‌కు చోటు లేదు, అది బఫర్‌లోనే ఉండిపోతుంది, తర్వాతి ఎఫ్‌గెట్స్‌కు ఖాళీ లైన్ అందుతుంది. మళ్లీ పాత కథే. 100 బైట్ల లైన్‌లోకి చదివి, ఎంటర్ తీసేసి, స్ట్రింగ్ పొడవు చెప్పే స్ట్ర్‌లెన్ సరిగ్గా 10 ఇస్తేనే స్ట్ర్‌సీపీవైతో నంబర్‌లోకి కాపీ చేయండి. 10 రాకపోతే మళ్లీ అడగండి. పేరుకైతే పొడవు 20 కంటే తక్కువ ఉండాలి. సెక్షన్‌కు లైన్[0] చాలు. మార్కులకు ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో ఆ లైన్‌లోంచి %డి చదివి, అది 1 తిరిగి ఇచ్చిందో లేదో చూడండి. 0 ఇస్తే కొట్టినది అంకె కాదు. ఇదే పనికి ఉత్త స్కాన్‌ఎఫ్ వాడితే, మార్కుల చోట పొరపాటున అక్షరం కొట్టగానే అది బఫర్‌లోనే ఉండిపోతుంది, లూప్‌లో ప్రతిసారీ అదే ఎదురై ప్రోగ్రామ్ ఆగకుండా తిరుగుతుంది. ఈ లైన్ చదివే పనిని విడి ఫంక్షన్‌గా రాసుకుంటే, అరే పంపేటప్పుడు దాని సైజును కూడా ఇంకో పారామీటర్‌గా పంపండి. ఫంక్షన్ లోపల సైజాఫ్ వాడితే అరే సైజు రాదు, పాయింటర్ (అంటే అరే చిరునామా) సైజు వస్తుంది. 64 బిట్ మెషిన్‌లో అది 8.

వెతకడం ఎందుకు విఫలమైందంటే, మీరు పేర్లను == తో పోల్చారు. == గుర్తు రెండు అరేలలోని అక్షరాలను పోల్చదు, అవి మెమరీలో ఉన్న చిరునామాలను పోలుస్తుంది. రెండు వేర్వేరు అరేల చిరునామా ఒకటి కాలేదు. స్ట్ర్‌సీఎంపీ వాడండి, రెండూ ఒకటే అయితే అది 0 ఇస్తుంది. ఇక్కడ కొత్తవాళ్లు తడబడతారు: ఇఫ్‌లో 0 అంటే అబద్ధం కాబట్టి, ఉత్త స్ట్ర్‌సీఎంపీ పెడితే పేర్లు కలవనప్పుడు దొరికిందంటుంది. == 0 అని స్పష్టంగా రాయండి. ఒక అరేలో స్ట్రింగ్ పెట్టడానికి = గుర్తు డిక్లేర్ చేసే చోట మాత్రమే చెల్లుతుంది, తర్వాత స్ట్ర్‌సీపీవై. ఎఫ్‌గెట్స్‌తో చదివిన పేరులోంచి మీరు ఎంటర్ తీసేయకపోతే, చూపుకు ఒకేలా ఉన్న పేర్లు స్ట్ర్‌సీఎంపీకి వేరుగా ఉంటాయి. ప్రింట్ చేసేటప్పుడు %ఎస్‌కు అటూ ఇటూ చదరపు బ్రాకెట్లు పెట్టండి. ముగింపు బ్రాకెట్ కింది లైన్లోకి జారితే ఎంటర్ లోపలే ఉందన్నమాట.

సింగిల్ కోట్స్, డబుల్ కోట్స్ తేడా కూడా ఇదే లెక్కలోది. సింగిల్ కోట్స్‌లోది ఒక అంకె. డబుల్ కోట్స్‌లో ఒకే అక్షరం రాసినా అది రెండు బైట్ల స్ట్రింగ్, అక్షరమూ \0 కలిపి. సెక్షన్‌ను డబుల్ కోట్స్‌లోని బి తో పోలిస్తే ఎప్పటికీ కలవదు. ఇంకొకటి: చార్ స్టార్ పి = అని పెట్టి దానికి స్ట్రింగ్ ఇచ్చి, తర్వాత పి[0] మార్చబోతే లినక్స్‌లో సాధారణంగా సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఆ స్ట్రింగ్ చదవడానికి మాత్రమే ఉన్న చోట ఉంటుంది. మార్చాలనుకుంటే చార్ పి[] అని అరేగా రాయండి.

మీ ప్రోగ్రామ్ చివర "ఇంకా ఉన్నారా, వై లేదా ఎన్" అని అడిగే భాగంలో షరతు ఇలా ఉంది: సమాధానం స్మాల్ వై కి సమానం, లేదా 'క్యాపిటల్ వై'. రెండో సగంలో పోలికే లేదు. క్యాపిటల్ వై విలువ 89, సున్నా కానిదేదైనా నిజమే కాబట్టి ఎన్ కొట్టినా లూప్ ఆగదు. పోలికను రెండుసార్లూ పూర్తిగా రాయండి. అలాగే మెనూలో ఎంపికను చార్‌గా చదివి కేస్ 1 అని రాస్తే కుదరదు, వచ్చేది 49. కేస్ '1' అని కోట్స్‌తో రాయాలి. అంకె అక్షరాన్ని అంకెగా మార్చాలంటే దానిలోంచి '0' తీసేయండి: 55 లోంచి 48 పోతే 7. 0 నుంచి 9 వరకు అక్షరాలు వరుసగా ఉంటాయని సి స్టాండర్డ్ హామీ ఇస్తుంది. ఇంగ్లీషు అక్షరాలకు ఆ హామీ లేదు.

విద్యార్థి మొబైల్ నంబర్ కూడా చేర్చాలని ఉందన్నారు. దాన్ని ఇంట్‌లో పెట్టకండి, పట్టదు. 32 బిట్ల ఇంట్ గరిష్ఠం 2147483647, మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9లతో మొదలయ్యే పది అంకెలు. కూడికలూ తీసివేతలూ చేయని నంబర్ దేన్నయినా స్ట్రింగ్‌గానే ఉంచండి.

గెట్‌చార్ గురించి చివర్లో అడిగిన దానికి: ఫలితాన్ని చార్‌లో కాదు, ఇంట్‌లో పెట్టాలి. గెట్‌చార్ 256 రకాల బైట్లతో పాటు, ఇన్‌పుట్ అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్‌ను కూడా ఇవ్వాలి. దాని విలువ సాధారణంగా -1. 257 విలువలు ఒక బైటులో ఇమడవు. ఇంటెల్ పీసీల మీద జీసీసీలో చార్‌కు మైనస్ విలువలు ఉంటాయి, అక్కడ 255 అనే బైటు రాగానే ఫైలు అయిపోయిందనుకుని ఆగిపోతుంది. ఆర్మ్ ప్రాసెసర్ల లినక్స్‌లో చార్‌కు మైనస్‌లు ఉండవు, అక్కడ ఈఓఎఫ్ ఎన్నటికీ కనబడక లూప్ ఆగదు. మీ లూప్‌లో ఇంకో తప్పుంది: వైల్‌లో సి = గెట్‌చార్() != ఈఓఎఫ్ అని బ్రాకెట్లు లేకుండా రాశారు. ముందు పోలిక జరుగుతుంది, దాని ఫలితమైన 1 సి అనే వేరియబుల్‌లోకి పోతుంది. టర్బో సి తెర మీద వరుసగా నవ్వే ముఖాలు వచ్చాయన్నారు కదా, ఆ పాత డాస్ పట్టికలో 1వ గుర్తు అదే. సి = గెట్‌చార్() మొత్తాన్ని బ్రాకెట్లలో పెట్టి, ఆపైన పోల్చండి. ఈఓఎఫ్ ఇవ్వడానికి లినక్స్‌లో కంట్రోల్ డి, విండోస్‌లో కొత్త లైన్ మొదట కంట్రోల్ జెడ్ కొట్టి ఎంటర్.

అక్షరమా అంకెనా అని చూడడానికి 65, 90 అంటూ పోలికలు రాయకండి. సిటైప్ డాట్ హెచ్‌లో ఈజ్‌ఆల్ఫా, ఈజ్‌డిజిట్, టుఅప్పర్ ఉన్నాయి. అభ్యాసానికి బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సి కోడ్ మంచి ఉదాహరణ: పదకొండు అక్షరాలు, కాబట్టి అరే 12, మొదటి నాలుగూ అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. చాలామంది అక్కడ ఓ అనే అక్షరం కొడతారు. కంటికి తేడా తెలియదు, 48కి 79కి తేడా ప్రోగ్రామ్‌కు తెలుస్తుంది. టుఅప్పర్ ఆ చార్‌ను మార్చదు, మార్చిన విలువను తిరిగి ఇస్తుంది. దాన్ని మళ్లీ అరేలో పెట్టుకోవాలి. ఈ ఫంక్షన్లకు చార్ ఇచ్చేటప్పుడు దాని ముందు బ్రాకెట్లలో అన్‌సైన్డ్ చార్ రాయండి. ఎందుకో పేర్లు తెలుగులో కొట్టిన రోజున తెలుస్తుంది.

పేరు తెలుగులో తీసుకోవచ్చా అన్నది మీ ఆఖరి ప్రశ్న. తీసుకోవచ్చు, కానీ 20 బైట్లు చాలవు. తెలుగును బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు. గుణింతం, పొల్లు కూడా విడి గుర్తులే. "తెలుగు" అన్న మాటలో మన కంటికి మూడు అక్షరాలు, గుర్తులు ఆరు, స్ట్ర్‌లెన్ ఇచ్చేది 18. "శ్రీనివాస్"లో పది గుర్తులు, 30 బైట్లు, \0తో 31. 20 బైట్ల అరేలోకి ఎఫ్‌గెట్స్‌తో చదివితే 19 బైట్ల దగ్గర తెగుతుంది, అంటే ఆరు గుర్తులు పూర్తిగా, ఏడో గుర్తులో మూడో వంతు. చివర చిత్రమైన ప్రశ్నార్థకం కనబడేది అందుకే. పేరుకు కనీసం 150 బైట్లు పెట్టండి, దానికి తగ్గట్టు లైన్ అరేను 200కు పెంచండి. ఒక చార్‌లో తెలుగు అక్షరం పట్టదు కాబట్టి సెక్షన్ ఇంగ్లీషులోనే ఉండనివ్వండి. స్ట్రింగ్‌ను వెనక నుంచి ముందుకు తిప్పే ప్రోగ్రామ్ తెలుగు మీద పనిచేయదు, బైట్లు తారుమారై అక్షరమే చెదిరిపోతుంది. ఈ బైట్లన్నీ 127 దాటినవే. మొదటి బైటు 224 అయితే, మైనస్‌లున్న చార్‌లో అది -32 అవుతుంది. దాన్ని అలాగే ఈజ్‌ఆల్ఫాకు ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం, అన్‌సైన్డ్ చార్ అక్కడ కాపాడుతుంది. స్ట్ర్‌సీపీవై, స్ట్ర్‌సీఎంపీ, %ఎస్ మాత్రం తెలుగుతో ఇబ్బంది లేకుండా పనిచేస్తాయి, వాటికి కావలసింది చివర \0 ఒక్కటే. విండోస్ కన్సోల్‌లో తెలుగు చతురస్రాలుగా కనబడితే అది ఫాంట్ సమస్య, మీ కోడ్‌ది కాదు.

జీసీసీతో కట్టేటప్పుడు -వాల్, -డబ్ల్యూఎక్స్‌ట్రా రెండూ పెట్టండి. గెట్‌చార్ బ్రాకెట్ల తప్పును అవి అక్కడికక్కడే పట్టేస్తాయి. మెమరీ తప్పులను పట్టే అడ్రస్ శానిటైజర్ అనే జీసీసీ సాధనం అరే దాటి రాయడాన్ని బాగా పడుతుంది, కానీ ఒకే స్ట్రక్చర్‌లో ఒక భాగం నుంచి పక్క భాగంలోకి పొర్లితే పట్టదు, మీ తప్పు సరిగ్గా అలాంటిది. అందుకని మార్పులయ్యాక చేత్తోనే పరీక్షించండి: సరిగ్గా పది అక్షరాల నంబర్, తర్వాత పదకొండు, తర్వాత ఉత్త ఎంటర్, మధ్యలో స్పేస్ ఉన్న పేరు, మార్కుల చోట ఒక అక్షరం, చివరగా పేరు అడిగే చోట కంట్రోల్ డి. ఏదైనా ఒకటి కుదరకపోతే అప్పుడు ఇచ్చిన ఇన్‌పుట్, ప్రతి చార్‌ను %డి తో ప్రింట్ చేసిన అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.